తొలుచూలు కాన్పుకు ఎట్ల తయారు కావాలె అని అడిగిన చెల్లెకు

చెల్లె, నీ ప్రశ్న రెండుసార్లు చదివిన. నీకు 33 వారాలు, తొలుచూలు, అత్తగారిది కల్వకుర్తి, వచ్చే నెల దేవరకొండ దిక్కు తల్లిగారింటికి పోతున్నవ్, మీ ఆయన హైదరాబాదుల జాబ్. నొప్పులంటే బుగులైతుంది, నార్మల్ కావాలంటే ఏం చెయ్యాలె, దవాఖానకు ఎప్పుడు బయల్దేరాలె, స్కానింగుల బిడ్డ మెడకు పేగు చుట్టుకుందన్నరు కాబట్టి ఇగ పెద్దాపరేషనేనా, ఒక్కొక్కరు ఒక్కో తీరు చెప్తున్నరు ఎవరి మాట వినాలె. ఇదే కద నువ్వడిగింది.

నేను డాక్టర్ని కాదు, స్టాఫ్ నర్సును. 22 ఏండ్ల సర్వీసు, మొదట పాలమూరు దిక్కు, తర్వాత నల్లగొండ జిల్లాల, ఎక్కువ లేబర్ రూములనే, అందుల ఎక్కువ నైట్ డ్యూటీలే. అందుకని నేను చెప్పేది పుస్తకం కన్న నా కండ్ల ముందు అయినవాటి మీదనే ఎక్కువ ఉంటది. నిన్ను చూసే డాక్టర్ వేరే చెప్తే ఆమె మాటనే విను, నీ రిపోర్టులు ఆమె చేతుల ఉన్నయి, నా చేతుల లేవు.

సూటిగ చెప్తున్న. నీ ఒళ్లు దాని తయారీ అది చేసుకుంటనే ఉంది, తయారు కావాల్సింది నీ ఇల్లు. తొమ్మిదో నెల పడకముందే ఐదు సంగతులు తేలాలె: ఏ దవాఖాన, ఏ బండి, వెంట ఎవరు, రక్తం కావాలంటే ఎవరిస్తరు, మీ ఆయన ఫోన్ ఎత్తకపోతే చివరి మాట ఎవరిది. ఇవి తేలినయంటే సగానికన్న ఎక్కువ పని అయిపోయినట్టే. వాకింగు, ఊపిరి తీసుకునుడు, బ్యాగు సర్దుడు ఇవన్నీ కావాలె గని వాటి తర్వాతనే.

ఎందుకు గింత గట్టిగ చెప్తున్ననంటే ఒకసారి చందంపేట దిక్కు తండా నుంచి ఒక పిల్లను తోల్కొచ్చిన్రు, ఇరవై ఏండ్లు ఉంటయేమో. రాత్రి పదకొండుకు ఉమ్మనీరు పోయింది, నొప్పులు లేవు. అత్తకు చెప్పింది, అత్త మామకు చెప్పింది, మామ కొడుక్కు ఫోన్ కొట్టిండు, కొడుకు వలస పోయి పూణెల ఉన్నడు, రాత్రి కదా ఎత్తలే. అమావాస్య రాత్రి ఎందుకు, తెల్లారనీ అన్నరు. తెల్లారినంక బండి ఎవర్ని అడగాలె అని ఇంకో గంట. మా దగ్గరికొచ్చేసరికి పొద్దున తొమ్మిది దాటింది, నీళ్లు పచ్చగ వస్తున్నయి. పచ్చగ వస్తున్నయంటే బిడ్డ లోపలనే దొడ్డికి పోయిందన్నట్టు, అది ఊపిరితిత్తులల్లకు పోతే కష్టం. ఆ బిడ్డ వారం రోజులు పసిపిల్లల స్పెషల్ వార్డు ఎస్ఎన్‌సీయూల ఉంది, దేవుని దయ బతికింది. ఆ ఇంట్ల ఎవ్వరు చెడ్డోళ్లు కాదు చెల్లె, అందరికి ఆ పిల్ల మీద పానమే, కాకపోతే బయల్దేరుదాం అనే మాట అనే హక్కు ఎవరికుందో ఎవ్వరికి తెల్వదు, పది గంటలు అట్ల పోయినయి. అందుకే మీ ఆయనను ఇప్పుడే అందరి ముంగట ఒక మాట అనమను, "నేను లేకున్నా అమ్మ పోదామంటే పోవుడే, నన్ను అడగనక్కర్లే" అని. గదే చాలు.

దవాఖాన ఎట్ల ఎంచుకోవాలె అంటే నేను చెప్పేది ఒకటే ప్రశ్న, సర్కారుదైనా ప్రైవేటైనా పోయి అడుగు: రాత్రి రెండు గంటలకు ఆపరేషన్ చెయ్యాల్సొస్తే మత్తు డాక్టర్ ఉంటడా, రక్తం దొరుకుతదా? రూముల ఏసీ ఉందా అని అడుగుతరు గని ఇది ఎవ్వరు అడగరు. నీకు బీపీ, షుగర్ లేకుండ, బిడ్డ తల కిందికి ఉండి, రక్తం మంచిగ ఉంటే దేవరకొండ ఏరియా దవాఖాన లాంటి దగ్గరి దానిల కనొచ్చు. కవలలున్నా, బిడ్డ అడ్డం తిరిగినా ఎదురుకాళ్లున్నా, బీపీ ఎక్కువున్నా, రక్తం బాగ తక్కువున్నా మాత్రం ముందే నల్లగొండనో మహబూబ్‌నగరో పెద్ద దవాఖానలనే చూపించుకో, అక్కడే కను. మెడికల్ కాలేజీలు వచ్చినంక (మహబూబ్‌నగర్ల 2016ల, నల్లగొండల 2019ల, నాగర్‌కర్నూల్ వనపర్తిల 2022ల) మనోళ్లు ప్రతిదానికి హైదరాబాద్ ఉరుకుడు కొంచెం తగ్గింది. దేవరకొండ నుంచి నల్లగొండ 60 కిలోమీటర్ల దాక ఉంటది, నొప్పుల మీద ఆ తొవ్వ ఎంత పొడుగనిపిస్తదో వచ్చినోళ్లను అడుగు.

బండి సంగతికొస్తే 108 ఉంది, పైసల్లేవు, కాని అది ఇంకో కేసుకు పోయి ఉంటే? అందుకే ఊళ్ల ఇద్దరు ఆటోవాళ్ల నంబర్లు నీ ఫోన్ల, మీ అమ్మ ఫోన్ల, గోడ మీద కూడ రాసి పెట్టుకోన్రి. ఒక్కడి నంబరే ఉంటే ఆ రాత్రే వాడు పెండ్లికి పోతడు, నా అనుభవం. 102 అమ్మఒడి బండి చెకప్పులకు తీస్కపోవడానికి, కాన్పైనంక ఇంటికాడ దించడానికి. ఆశమ్మకు చెప్తే పిలిపిస్తది.

వెంట ఎవరు ఉండాలె అన్నదానిమీద నాకు కొంచెం పట్టింపు ఉంది. ఐదుగురు ఆడోళ్లు జీపుల వస్తరు, ఐదుగురు ఏడుస్తరు. నీకు కావాల్సింది ఒక్కతి, ముందు కన్న మనిషి, నువ్వు అరిచినా గాబరా పడంది, నీ నడుము రుద్దేది, నీళ్లు తాపేది. అది మీ అమ్మే కానక్కర్లే. చాలసార్లు అమ్మనే బిడ్డ కన్న ముందు పడిపోతది, వదిననో మేనత్తనో నయం. నేను చూసిన మంచి కాన్పులల్ల ఒకటి కొల్లాపూర్ దిక్కు పిల్లది, వెంట అత్త వచ్చింది. ఆమె కోడల్ని కూసోనియ్యలే పండనియ్యలే, "నడువే నా తల్లి, ఇంకొక్క చుట్టు" అనుకుంట వరండాల రాత్రంత తిప్పింది, నొప్పొచ్చినప్పుడు ఆమె భుజం మీద తల పెట్టుకునేది ఆ పిల్ల. తెల్లారగట్ల నాలుగింటికి కనేసింది, ఒక్క కుట్టు కూడ పడలే. అత్తాకోడండ్లను చూసి మా ఆయమ్మ కండ్లు తుడుచుకుంది. లేబర్ రూములకు తోడు ఒక ఆడమనిషిని రానియ్యాలె అని రూల్ ఉంది, లేబర్ రూములు బాగుచెయ్యడానికి 2017ల వచ్చిన కేంద్రం లక్ష్య ప్రోగ్రాముల అది రాసి ఉంది, ఎవరన్న ఆపితే మెల్లగ అడుగు. మీ ఆయన లోపలికి రావొచ్చా అనడిగినవ్ కద, సర్కారు దవాఖానలల్ల ఒకే రూముల నలుగురు ఆడోళ్లుంటరు, అందుకని మొగోళ్లను రానియ్యరు ఎక్కువ, కొన్ని ప్రైవేటుల్ల రానిస్తరు. బయట ఉండి రక్తానికి, మందులకు ఉరికే పని కూడ చిన్నదేం కాదు.

ఇగ రక్తం. ఇది జర మనసు పెట్టి చదువు. మన దిక్కు ఆడపిల్లలకు రక్తం తక్కువ, నాకు రోజు కనపడే సంగతి. హిమోగ్లోబిన్ 11 ఉండాలె, 7 లోపల ఉంటే అది చాల ప్రమాదం. నార్మల్ కాన్పుల అర లీటర్ దాక రక్తం పోవుడు మామూలే, 11 ఉన్నామె తట్టుకుంటది, 6 ఉన్నామె ఆ అర లీటర్‌కే కండ్లు తేలేస్తది. నారాయణపేట దిక్కు ఒకామె, ఆలుమగలిద్దరు కట్టడం పనికి వలసపోయి ఎనిమిదో నెలల తిరిగొచ్చిన్రు, ఎంసీపీ కార్డు (చెకప్పులు, టీకాలు రాసే తల్లీబిడ్డల కార్డు) లేదు, ఒక్క స్కానింగ్ లేదు, హిమోగ్లోబిన్ 6.4. నొప్పుల మీద వచ్చుంటే ఏమయ్యేదో, అదృష్టానికి వాళ్ల ఊరి ఏఎన్ఎం ముందే పట్టుకొని తోల్కొచ్చింది. రెండు ప్యాకెట్లు ఎక్కించినం, మరిది ఇచ్చిండు ఒకటి, ఇంకోటి ఎవరో తెలియని పిల్లగాడు ఇచ్చిండు. కాన్పప్పుడు బ్లీడింగ్ కొంచెం ఎక్కువనే అయ్యింది, అయినా నిలబడింది. అదే 6.4 తోనే వచ్చుంటే నేను ఈ ముచ్చట ఇట్ల చెప్పేదాన్ని కాదు.

ఐరన్ గోలీ రోజుకొకటి, కాల్షియం గోలీలు రెండు, కాని రెండూ ఒకేసారి మింగకు, కాల్షియం ఐరన్‌ను ఒంటబట్టనియ్యదు. ఐరన్ ఏసుకున్న గంట రెండు గంటల దాక చాయ్ తాగకు, నిమ్మకాయ నీళ్లతోని ఏసుకుంటే ఇంకా మంచిది. దొడ్డి నల్లగ వస్తది, భయపడకు, కడుపుల తిప్పితే అన్నం తిన్నంక రాత్రి పండుకునేముందు ఏస్కో, బంద్ మాత్రం చెయ్యకు. గోలీలు తీసుకొని బీరువల దాచిపెట్టినోళ్లను వందలమందిని చూసిన. 33 వారాలకు 8 ఉంది అంటే గోలీలతోని టైం సరిపోదు, సెలైన్ల ఎక్కించే ఐరన్ ఇస్తరు, అడుగు. అంగన్‌వాడీల ఆరోగ్యలక్ష్మి భోజనం 2015 నుంచి పెడ్తున్నరు, గుడ్డు, 200 ఎంఎల్ పాలు, పప్పు ఆకుకూర. మనం ఉన్నోళ్లం మనకెందుకు అని పోరు కొందరు. పో చెల్లె, నామోషీ ఏం లేదు. ఇంకా నీ బ్లడ్ గ్రూప్ నెగెటివ్ అయ్యి మీ ఆయనది పాజిటివ్ అయితే యాంటీ డీ ఇంజెక్షన్ (తల్లి బిడ్డల రక్తం గ్రూపులు కలవకపోతే ఇచ్చేది) సంగతి డాక్టర్ను ఇప్పుడే అడుగు, 28 వారాలకు ఒకటి ఇస్తరు, పుట్టిన బిడ్డది పాజిటివ్ అయితే కాన్పైన 72 గంటలల్ల ఇంకోటి పడాలె.

నార్మల్ కావాలంటే అన్నవ్. నిజం చెప్పాలంటే కొంత నీ చేతుల ఉంది, కొంత బిడ్డ చేతుల, కొంత నువ్వు పోయే దవాఖాన చేతుల. 2019ల మన రాష్ట్రంల చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడు, వంద కాన్పులల్ల దాదాపు 61 ఆపరేషన్లే. ప్రైవేటుల అయితే 81 దాటింది, సర్కారుల 44. ఆడోళ్ల ఒళ్లు ఈ ఇరవై ఏండ్లల్ల మారిపోలే కద. కొన్ని డాక్టర్ల తొందర, కొన్ని మనోళ్ల తొందర. ముహూర్తం చీటీ పట్టుకొని వస్తరు, ఫలానా రోజు పొద్దున 9:10కి తియ్యాలె అని, 37 వారాలు కూడ సరిగ నిండవు. 39 వారాలు నిండకుండ అవసరం లేకుండ తీస్తే బిడ్డకు ఊపిరి ఇబ్బంది ఎక్కువైతది, ఆ బిడ్డ మంచి నక్షత్రంల పుట్టి ఆక్సిజన్ పెట్టెల ఉంటది. ఎవరన్న మీ ఇంట్ల ముహూర్తం మాట తీస్తే ఇప్పుడే ఆపు.

పేగు సంగతి. నలుగురైదుగురు బిడ్డలల్ల ఒకరు మెడకు పేగు చుట్టుకొనే పుడ్తరు. తల బయటికి రాంగనే వేలుతోని అట్ల తీసేస్తం, గట్టిగ ఉంటే చిమటా పెట్టి కత్తిరిస్తం, అంతే. ఒక్క పేగు చుట్టుకుందన్న మాట మీదనే ఆపరేషన్ అంటే ఇంకో డాక్టర్కు చూపియ్యి. నొప్పులల్ల బిడ్డ గుండె కొట్టుకునుడు పడిపోతుందా లేదా అన్నదే చూడాల్సింది, అది నొప్పులొచ్చినంకనే తెలుస్తది. అట్లని ఆపరేషన్ అంటే శత్రువు లెక్క చూడకు. మాయ అడ్డం ఉంటే, బిడ్డ అడ్డం ఉంటే, గుండె పడిపోతుంటే ఆపరేషనే పానం కాపాడేది, అక్కడ అరగంట లొల్లి పెట్టుకుంటే పోయేది మన బిడ్డనే. తొందర లేనప్పుడు మాత్రం మూడు మాటలడుగు: ఎందుకు చెయ్యాలె, ఇప్పుడు బిడ్డ ఎట్లుంది, ఇంకో రెండు గంటలు ఆగితే ఏమైతది. మంచి డాక్టర్ కోపం చెయ్యదు.

నీ చేతుల ఉన్నది ఏందంటే రోజు అరగంట నలభై నిమిషాలు నడువు, ఎండ తగ్గినంక. డాక్టర్ వద్దనకపోతే ఇంటి పని చేసుకో, దొడ్డికి కూసున్నట్టు గొంతుకు కూసోని లేవు, ఎడమ పక్కకు ఒరిగి పండుకో. నెయ్యి తాగితే బిడ్డ జారి వస్తది అని మీ పక్కింటామె చెప్పింది కద, నెయ్యి కడుపులకు పోతది చెల్లె, గర్భసంచిలకు పోదు, రెండిటికి దారే లేదు. బరువు మాత్రం పెరుగుతవ్. నొప్పులు రావాలని ఆముదం తాగుడు అసలే వద్దు, విరేచనాలై నీరసపడి వస్తరు. ఇంకోటి గట్టిగ చెప్తున్న, ఇంటికాడ ఆరెంపీతోని నొప్పుల సూది ఏయించుకోవద్దు. అది లేబర్ రూముల సెలైన్ల చుక్కలు లెక్కపెట్టి, బిడ్డ గుండె వింటూ ఇచ్చే మందు. కండకు ఒకేసారి పొడిస్తే గర్భసంచి చిట్లుతది, బిడ్డకు ఊపిరందదు. నేను చూసిన, ఆ ముచ్చట ఇక్కడ రాయను, నువ్వు ఇప్పటికే బుగులుతోని ఉన్నవ్.

డేటు సంగతి కూడ. డాక్టర్ రాసిచ్చిన డేటుకే కనేటోళ్లు వందమందిల నలుగురైదుగురే. 37 వారాలు నిండిన కాడినుంచి ఎప్పుడైనా రావొచ్చు, డేటు దాటిందని రాత్రికి రాత్రి పరేషాన్ కావద్దు, కాకపోతే డేటు నాడు పోయి చూపించుకో, 41 వారాలు దాటనియ్యకుండ నొప్పులు తెప్పిస్తరు. అందుకే తల్లిగారింటికి తొమ్మిది నిండినంక కాదు, 36 వారాలకే పో, ఒక్క చెకప్పన్నా నువ్వు కనబోయే దవాఖానలనే చూపించుకో. ప్రతి నెల 9వ తారీకు సర్కారు దవాఖానలల్ల గర్భిణీలకు స్పెషల్గ డాక్టర్ చూస్తది, ఆ రోజు పో.

ఎప్పుడు బయల్దేరాలె. నొప్పి నడుముల మొదలై ముందుకొచ్చి, పొట్ట రాయి లెక్క గట్టిపడి, మళ్ల వదులుతది. నడిచినా పండుకున్నా స్నానం చేసినా తగ్గదు, దూరం దగ్గరైతది. అవి అసలు నొప్పులు. కాసేపు వచ్చి పండుకుంటే తగ్గిపోయినయంటే అవి ఉత్త నొప్పులు, వాటికి మూడుసార్లు వచ్చి మూడుసార్లు ఇంటికిపోయినోళ్లున్నరు, సిగ్గుపడేదేం లేదు, నాలుగోసారి కూడ రా. పుస్తకంల ఐదు నిమిషాలకోసారి, ఒక్కోటి నిమిషం సేపు, గంట నుంచి వస్తుంటే పోవాలె అని ఉంటది. నీ ఊరు దూరం కాబట్టి ఏడెనిమిది నిమిషాలకోసారి రావడం మొదలైతే లేచి తయారుగా. జిగటగ రక్తం చారలు కనపడ్డయంటే మొదలైతున్నట్టు, ఒకటి రెండు రోజులు కూడ పట్టొచ్చు, అది ఎమర్జెన్సీ కాదు.

ఇవి మాత్రం నొప్పులున్నా లేకున్నా, అమావాస్య అయినా అర్ధరాత్రి అయినా అప్పటికప్పుడు పోవాలె: ఉమ్మనీరు పోతే (రంగు చూసి గుర్తుపెట్టుకో, తెల్లగనా పచ్చగనా), బహిష్టు లెక్క రక్తం పోతే, బిడ్డ కదలికలు తగ్గితే, విపరీతం తలనొప్పి ఉండి కండ్లు మసకలయితే లేక రొమ్ముల కింద పొట్ట పైన నొస్తే, మొకం చేతులు ఉబ్బితే, ఫిట్స్ వస్తే. బీపీ 140/90 దాటితే డాక్టర్కు చెప్పాల్సిందే, పైకి ఏం కనపడదు అది. కదలికల సంగతి, తిన్నంక ఎడమ పక్కకు పండుకొని లెక్కపెట్టు, రెండు గంటలల్ల పది రావాలె. "నెలలు నిండినయి కద బిడ్డకు జాగ లేదు, అందుకే తిరుగుతలేదు" అని పెద్దోళ్లు అంటరు. అది తప్పు. తిరిగే తీరు మారొచ్చు గని కదలికలు తగ్గొద్దు.

ఇగ నీ అసలు బుగులు, నొప్పి. ఉంటది. లేదు అని అబద్ధం చెప్పను, నేను ఇద్దర్ని కన్న. ఇంతమందికి చేసిన నర్సునే, నా మొదటి కాన్పుల గర్భసంచి మూతి నాలుగు సెంటీమీటర్లు తెరుచుకున్నప్పుడే "నన్ను కోసెయ్యిన్రి" అన్న, మా సిస్టర్లు ఇప్పటికీ ఎక్కిరిస్తరు. కాని ఒక లెక్క చెప్తా. మంచిగ నొప్పులొస్తున్నప్పుడు మూడు నిమిషాలకోసారి వస్తదనుకో, నిమిషం సేపు ఉంటది. అంటే గంటల 20 నిమిషాలు నొప్పి, 40 నిమిషాలు ఖాళీ. చెడిపోయేది ఎక్కడంటే ఆ 40 నిమిషాలు కూడ మళ్లొస్తది మళ్లొస్తది అని బిగుసుకొని కూసునుడు దగ్గర. నొప్పి పోంగనే దవడ వదులు, భుజాలు వదులు, ఒక గుటక నీళ్లు తాగు. నొప్పొచ్చినప్పుడు ముక్కుతోని గాలి తీస్కొని నోటితోని పొడుగ్గ వదులు, వేడి చాయ్ ఊదినట్టు. అరవాలనిపిస్తే గొంతు దించి "ఊ..." అను, కీచుగ అరిస్తే ఒళ్లంత బిగుస్తది. ఇది ఇప్పటినుంచి రోజు పండుకునేముందు ఐదు నిమిషాలు చెయ్యి, ఆ రోజు కొత్తగ నేర్చుకుందామంటే రాదు. తొలుచూలుకు మొదటి నొప్పుల కాడినుంచి ఒక రోజంత పట్టినా మామూలే. ఐదు సెంటీమీటర్లు దాటినంక కూడ పది పన్నెండు గంటలు పట్టొచ్చు. ఆ మొదటి గంటలల్లనే శక్తి అంత అరిచి అయిపోగొట్టుకోకు. తిను, తాగు, పాలు, అరటిపండు, జావ, ఆపరేషన్ మాట రానంతవరకు తినొచ్చు. నడువు, గోడ పట్టుకొని నిలబడు, ముందుకు వంగు. వెల్లకిల పండుకుంటే నడుము నొప్పి ఎక్కువైతది, బిడ్డ దిగుడు కూడ లేటైతది.

ముక్కుడు గురించి ఒకటి. పది సెంటీమీటర్లు కాకముందు ముక్కొద్దు. ఇంటికాడ నుంచే "ముక్కు బిడ్డ ముక్కు" అని చెప్తరు, గర్భసంచి మూతి వాచిపోతది, కాన్పు లేటైతది. మేం చెప్తం ఎప్పుడో, దానికన్న ముందు నీ ఒళ్లే చెప్తది, దొడ్డికొచ్చినట్టు అనిపిస్తది ఆపుకోలేవు.

లేబర్ రూముల తిడ్తరట కద అని రాసినవ్. అవును తిడ్తరు. నేను కూడ తిట్టిన, నా మొదటి ఐదారేండ్లల్ల, రాత్రికి పన్నెండు కాన్పులు, నేను ఒక్కదాన్ని, ఎవరన్న కాళ్లు దగ్గరకు పెట్టుకుంటే తొడ మీద కొట్టిన రోజులు కూడ ఉన్నయి. ఇప్పుడు గుర్తొస్తే సిగ్గైతది. తర్వాత 2017 నుంచి మన రాష్ట్రంల మిడ్‌వైఫరీ (నర్సులకు కాన్పు చేసుడు నేర్పే) ట్రైనింగ్ మొదలైంది, ట్రైనింగైన పిల్లలు మా దగ్గరికొచ్చి నేలమీద కూసోని ఆ ఆడోళ్ల నడుము రుద్దుతుంటే చూసి నేను మారిన. పని కష్టం అనేది నిజమే, అది తిట్టుడుకు సమాధానం కాదు. నిన్ను ఎవరన్న తిడితే నీ తప్పేం లేదని తెలుసుకో, వెంట ఉన్నామెను నెమ్మదిగ మాట్లాడమను, లోపల నొప్పుల మీద నువ్వు కొట్లాడకు. లోపలికి పోయేముందు చెప్పాల్సినయి మాత్రం చెప్పు, ఏ మందు పడదు, బ్లడ్ గ్రూప్ ఏంది, నీరు ఎప్పుడు పోయింది.

బ్యాగు గురించి యూట్యూబుల గంటలు గంటలు చెప్తరు, నేను రెండు ముక్కలు చెప్తా. కార్డు, రిపోర్టులు అన్నీ ఒక్క కవర్ల (బ్లడ్ గ్రూప్ రిపోర్టు అన్నిటికన్న పైన), ఆధార్, బ్యాంకు పాస్‌బుక్. ముందు గుండీలున్న నైటీలు మూడు, ప్యాడ్లు, ఉతికి ఎండల ఆరేసిన పాత కాటన్ చీర ముక్కలు ఓ పది, బిడ్డకు టోపీ సాక్సులు మే నెలైనా సరే, ఫ్లాస్కు, గ్లాసు, చార్జర్, చెప్పులు, వంద రూపాయల నోట్లు కొన్ని. బంగారం ఏస్కరావద్దు.

కాన్పైనంక బిడ్డను అప్పుడే నీ ఛాతి మీద ఏస్తరు, తుడిచేసి తీస్కపోతుంటే నువ్వే అడుగు. గంట లోపల ముర్రుపాలు తాపాలె, పసుపు పచ్చగ చిక్కగ ఉంటయి, చెడ్డ పాలు అని పిండి పారబోస్తరు కొన్ని ఇండ్లల్ల, వాటికన్న మంచి మందు లేదు. చక్కెర నీళ్లు, తేనె, ఆముదం చుక్క, గాడిద పాలు ఏది వద్దు. మొదటి రోజు స్నానం వద్దు. పాలు రాట్లేదు అని మొదటి రోజే డబ్బా పాలకు ఉరకొద్దు, బిడ్డ కడుపు ఆ రోజు పెద్ద రేగ్గాయంత కూడ ఉండదు. ఇరవై నాలుగు గంటలల్ల టీకాలు పడాలె. నీకు, ప్యాడ్ గంటకొకటి తడిసిపోతుంటే, చలిజ్వరమొస్తే, కండ్లు తిరుగుతుంటే అప్పుడే పిలువు, "బాలింతకు గిట్లనే ఉంటది" అంటే వినకు. నార్మల్ అయినా రెండు రోజులు దవాఖానలనే ఉండు. ఇంటికి పోయినంక కారం పొడి, ఎల్లిపాయన్నం మీదనే పెడ్తరు, నీళ్లు కూడ తక్కువిస్తరు. పప్పు, ఆకుకూర, గుడ్డు, మటన్ అన్నీ తినొచ్చు, నీళ్లు బాగ తాగాలె. ఇది మీ అమ్మకు చదివి వినిపియ్యి, నేను చెప్పినా అని.

ఏడుపొస్తది మూడో రోజు నాలుగో రోజు, ఎందుకో కూడ తెల్వదు. రెండు వారాలు దాటినా తగ్గకుంటే డాక్టర్కు చెప్పాలె, అది కూడ జబ్బే, మందుంది.

ఇంతచేసి నీ హిమోగ్లోబిన్ ఎంతో నువ్వు రాయలే, బీపీ కూడ రాయలే, బిడ్డ తల కిందికుందో లేదో రాయలే. పోయిన నెల రిపోర్టు తీసి ఆ మూడు నంబర్లు కింద పెట్టు. దేవరకొండల కనొచ్చా, నల్లగొండ పోవాల్నా అన్నది వాటిని చూస్తేనే చెప్పొస్తది. ఈ రాత్రి నాకు డ్యూటీ ఉంది, పొద్దున ఇంటికొచ్చి చూస్తా.